ఒకే చిల్లు, రెండు నష్టాలు

అక్టోబరు 2, తెల్లవారి ఐదున్నర. కనిగిరి చుట్టుపక్కల ఓ ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు కింద నిలబడి ఉన్నారు మీరు. వాటర్‌మన్ స్టార్టర్ పెట్టె తెరిచి పచ్చ బటన్ నొక్కుతాడు. నేల అడుగున మోటారు అందుకుంటుంది. పైపు మీద చెయ్యి వేస్తే అదురు తెలుస్తుంది. కాసేపటికి పైన నీళ్లు పడుతున్న చప్పుడు.

ట్యాంకు నిండేలోగా అతను బకెట్లో బ్లీచింగ్ పొడి కలుపుతాడు. ఘాటుకు మీ కళ్లు మండుతాయి. ఇది 40 వేల లీటర్ల ట్యాంకు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి పొడి వంద గ్రాములు చాలు. పొడిని నేరుగా ట్యాంకులో పోయడు. సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైతేట మాత్రం వంచుకుని నిచ్చెన ఎక్కుతాడు.

"మూతి విప్పిన సంచిలో పొడికి బలం ఉండదు సార్. నెలల తరబడి పెట్టుకుంటే సున్నమే మిగులుద్ది" అంటాడు దిగి వస్తూ. నీళ్లు వదలడానికి ఇంకో అరగంట ఆగాలి. క్లోరిన్ పనిచేయడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

ఆ అరగంటలో రోడ్డు దాటితే ఎర్ర రంగు పూసిన చేతిపంపు కనిపిస్తుంది. తాగొద్దని గుర్తు. కొట్టి చూస్తే తేటనీళ్లే. కానీ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. బ్లీచింగ్ దాన్ని తీయలేదు, కాచినా పోదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి 1937లో లోకానికి చెప్పింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, దర్శి, పొదిలి ఆ రోజుల్లో ఆ జిల్లాలోవే. అందుకే ఈ గడ్డ మీద బోరులో నీళ్లు పడితే చాలదు, పరీక్షలో నెగ్గాలి. ట్యాంకుకు నీళ్లిచ్చే బోరు నెగ్గింది కనుకే దాంట్లో మోటారు దించారు.

ఏడింటికి ఊరి చివరి కాలనీకి చేరతారు. నీటి పరీక్షలో శిక్షణ పొందిన ఐదుగురు ఆడవాళ్లలో ఒకామె అరుగు మీద కిట్టు తెరిచి కూర్చుంది. కుళాయి నీళ్లు చిన్న గాజుగొట్టంలో గీత దాకా పట్టి, మందు చుక్కలు వేసి, తెల్ల కాగితం ముందు ఎత్తి పట్టుకుంటుంది. క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరగాలి. ఆఖరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. మీరూ వంగి చూస్తారు. ట్యాంకు దగ్గర పట్టి తెచ్చిన నీళ్లు చక్కగా పసుపెక్కాయి. ఈ గొట్టంలో రంగే లేదు.

"ఇక్కడికి వచ్చేసరికి మందంతా ఏమైందక్కా?" వాటర్‌మన్ అడుగుతాడు.

"దారిలో యాడో మురుగు కలుస్తంది తమ్ముడూ. ధార చూడు, ఎంత సన్నగా వస్తందో."

పైపు వెంబడి వెనక్కి నడుస్తారు. గేటువాల్వు గుంత దగ్గర దొరుకుతుంది దొంగ. గుంత నిండా బురదనీళ్లు, పక్కనే సైడుకాలువ. జాయింటు దగ్గర చిటికెన వేలు పట్టేంత చిల్లులోంచి నీళ్లు జివ్వున చిమ్ముతున్నాయి. సరఫరా నడిచినంతసేపూ మంచినీళ్లు ఇలా బయటికి పోతాయి. సరఫరా ఆపి పైపు ఖాళీ అవుతున్నప్పుడు అదే చిల్లు గుంతలోని మురుగును లోపలికి లాక్కుంటుంది. మర్నాడు మొదటి బిందెతో అది ఇళ్లకు చేరుతుంది. వేసిన క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది.

"చివరి ఇళ్లకు అందట్లేదని రోజూ రెండు గంటలు మోటారు ఎక్కువ ఏస్తన్నా" అంటాడు వాటర్‌మన్ మెల్లగా.

పదకొండింటికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద గ్రామసభ. వచ్చే ఏటి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక మీద చర్చ. కాలనీ పెద్దాయన లేచి "మాకు కొత్త బోరు ఏయించండమ్మా" అని సర్పంచిని అడుగుతాడు. చప్పట్లు. సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు చార్టు మీద లెక్క వేస్తాడు: 7.5 హార్స్‌పవర్ మోటారు గంట తిరిగితే దాదాపు ఐదున్నర యూనిట్లు. రోజుకు రెండు గంటలు అదనం. ఏడాదికి 4 వేల యూనిట్లు దాటింది.

"కొత్త బోరు వేసినా ఆ నీళ్లు పోయేది అదే గుంతలోకి పెదనాన్నా. బిల్లు మాత్రం రెండు మోటార్లకు కట్టాలి."

షామియానా కింద మాటలు ఆగిపోతాయి. "అయితే ముందు చిల్లు సంగతి రాయండి" అంటుంది సర్పంచి. వెనక వరసలోంచి ఒకామె "వీధిలైట్లు పొద్దెక్కినా ఎలుగుతానే ఉంటాయి, అదీ రాయండి" అంటుంది. నిజమే. 18 వాట్ల ఎల్‌ఈడీలు ఓ వంద, పగలు పన్నెండు గంటలు వెలిగితే రోజుకు 20 యూనిట్లకు పైనే.

కార్యదర్శి తీర్మానాల పుస్తకంలో రాస్తున్నాడు. జాయింటు మార్పు. వాల్వు గుంతకు కాలువ కన్నా ఎత్తుగా గోడ, మూత. ట్యాంకు పొంగకుండా ఫ్లోట్ స్విచ్. వీధిలైట్లకు టైమర్లు. ల్యాబులో ఏడాదికి రెండుసార్లు క్రిముల పరీక్ష, ఒకసారి రసాయన పరీక్ష. ఇవేవీ పైవాళ్ల దయ కాదు. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు చెప్పిన 29 అంశాల్లో తాగునీరూ ఉంది, సంప్రదాయేతర ఇంధనమూ ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించారు. అందులో సగం తాగునీటికే.

నీళ్లు ఒక ఫైలులో, కరెంటు ఇంకో ఫైలులో ఉన్నంతకాలం ఆ చిల్లు ఎవరికీ కనబడదు. మీ ఊరి గ్రామసభలో మూడు లెక్కలు అడగండి: ఆఖరి కుళాయిలో క్లోరిన్ ఎంత, మోటారు రోజుకు ఎన్ని గంటలు నడుస్తోంది, కరెంటు బిల్లు ఎంత. మూడూ ఒకే రిజిస్టరులో పక్కపక్కనే రాయించండి.