చెలమ పక్కన వెలిసిన చాందా

సిర్పూరు మన ఆసిఫాబాద్ జిల్లాలోది. ఒకప్పుడు అది గోండు రాజుల గడ్డ. పదిహేనో శతాబ్దిలో అక్కణ్ణుంచి వార్ధా నది దాటి వెళ్లిన రాజు పేరు ఖాండక్యా బల్లాల్ షా. ఒంటినిండా పుండ్లు. ఏటి అవతల బల్లార్షాలో కోట కట్టుకున్నా నలత తీరలేదు. ఒకనాడు వేటలో దప్పికై తిరుగుతుంటే, ఎండిపోయిన జర్పట్ ఏటి ఇసుకలో చిన్న చెలమ కనబడింది. ముఖం కడుక్కుని, కడుపునిండా తాగి, ఇంటికొచ్చి పడుకున్నాడు. తెల్లారేసరికి పుండ్లు మానడం మొదలైంది. రాణి ఆ చెలమ వెతికించింది, రాజును అందులో స్నానం చేయించింది. అక్కడే అచలేశ్వరుడి గుడి లేచింది, దాన్ని కలుపుకుని ఊరు లేచింది. అదే చాందా, ఇప్పటి చంద్రపూర్.

ఇది జరిగిందా లేదా అని తేల్చే పని నాకక్కర్లేదు. రాజధానికి చోటు చూపించింది గుక్కెడు నీళ్లేనని ఒక జనం తరతరాలుగా చెప్పుకున్నారు.

గోండు రాజులు ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. చెరువు తవ్వినవాడికి ఆ చెరువు ఎంత నేల తడిపితే అంత నేలా రాసిచ్చిన రాజులు వాళ్లు. శిస్తు పెంచుకునే ఉపాయమే కావచ్చు. అయినా ఇంతకంటే తెలివైన శాసనం మన కాకతీయుల నేలలో కూడా అరుదే. వైన్‌గంగ వైపు, బ్రహ్మపురి, నాగభీడ్ ప్రాంతాల్లో కోహ్లీ కులస్థులు కట్టల పనిలో ఆరితేరారు. వాలు చూసి కట్ట పోశారు, పై చెరువు అలుగు పారి కింది చెరువు నిండేట్టు గొలుసు అల్లారు. వరి పండింది.

1751లో నాగపూర్ భోంస్లేలు చివరి రాజు నీల్‌కంఠ్ షా చేతిలోంచి రాజ్యం లాక్కున్నారు. 1818లో ఇంగ్లీషువాళ్ల ఫిరంగులు చాందా కోట గోడ పగలగొట్టాయి. వాళ్లమీద తిరగబడ్డ బాబూరావ్ షెడ్మాకేని 1858 అక్టోబరులో చాందా జైల్లో ఉరితీశారు. చరిత్ర పుస్తకాల్లో పతనం ఇక్కడితో ముగుస్తుంది. నా లెక్కలో ఇంకా మొదలే కాలేదు. ఎందుకంటే రాజులు పోయినా చెరువులు పోలేదు. ఊరి శిస్తు వసూలు చేసే భూస్వాములు, మాల్‌గుజార్లు, వాటిని పోషించారు. వాళ్లేమీ పుణ్యాత్ములు కారు, వెట్టి చేయించే పూడిక తీయించారు. కానీ తూము ఎప్పుడు ఎత్తాలో, కట్ట ఎక్కడ కారుతోందో చూసే మనిషంటూ ఒకడు ఉండేవాడు.

1951లో మాల్‌గుజారీ రద్దయింది. కావలసిన పనే. భూమి చేతులు మారింది, చెరువు సర్కారుది అయింది. ఆ తరవాత మరమ్మతు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చెప్పేవాడు లేకుండా పోయాడు. పూడిక పెరిగింది, శిఖం భూములు నాగళ్ల కిందికి పోయాయి. ఈ గతి తెలంగాణ పల్లెలకు వివరించి చెప్పనక్కర్లేదు.

మరోపక్క నేల కింద బొగ్గు. బల్లార్షా గని ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లది. చంద్రపూర్‌లో 1980లలో వచ్చిన థర్మల్ కేంద్రం పెరిగి పెరిగి నేడు 2,920 మెగావాట్లు. దాని దాహం తీర్చడానికే ఇరాయి నదికి అడ్డంగా ఆనకట్ట వేశారు. నగరం తాగేదీ ఆ జలాశయం నీళ్లే. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీంచి తవ్విపోసిన ఓబీ మట్టి గుట్టలు గుట్టలుగా నది ఒడ్డుకు చేరింది. పుండ్లు మాన్పిన జర్పట్‌లో ఊరి మురుగు, దాని మీద గుర్రపుడెక్క. చైత్రంలో మహాకాళి జాతరకు మన ఆదిలాబాద్ నుంచి కూడా జనం ఆ ఏటికే వస్తారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే చంద్రపూర్‌కు 83.88 వచ్చాయి. విషంలో నాలుగో స్థానం.

బయటివాళ్లు దీన్ని కరువు నేల అనుకుంటారు, మేలో 47 డిగ్రీలు దాటే ఎండ చూసి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే జిల్లా ఇది! అనంతపురం రైతు ఆ అంకె వింటే నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడిపోతాడు. ఇక్కడి దాహానికి ఆకాశం బాధ్యత కొంచెమే.

2010 వేసవిలో ఇరాయి జలాశయం అడుగంటింది. నీళ్లు లేక థర్మల్ కేంద్రంలో యూనిట్లు ఆపేయవలసి వచ్చింది. మూడేళ్లకు, 2013 వానాకాలంలో, ఓబీ మట్టితో ఇరుకైన అదే ఇరాయి పొంగి నగరంలో ఇళ్లు ముంచింది. గోండు రాజు పేరు మోసే రామాలా చెరువును బాగుచేయమని ఇకో-ప్రో సంస్థకు చెందిన బండు ధోత్రే 2021లో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. నీళ్ల కోసం పుట్టిన ఊళ్లో నీళ్ల కోసం మనిషి అన్నం మానేయవలసి వచ్చింది, అదీ కోట గోడల లోపలి చెరువు కోసం.