ఒక పాట – పలు యంత్రములు

ధ్వనిని పట్టి నిలుపు విద్య పుట్టిన నాటినుండియు ఒక చిక్కు దానిని నీడవలె వెంబడించుచున్నది. ఒకరు నింపిన పాట మరియొకరి యంత్రముపై పలుకకపోవుటయే ఆ చిక్కు. 1877లో ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫు గుండ్రని గొట్టముపై ధ్వనిని నిలిపినది. పదేండ్లకు ఎమిల్ బెర్లినర్ చదునైన పళ్లెమును ప్రవేశపెట్టెను. గొట్టము కొన్నవానికి పళ్లెము పనికిరాలేదు. 1948లో కొలంబియా వారు నిమిషమునకు 33 1/3 చుట్లు తిరుగు రికార్డును, మరుసటి యేడు ఆర్.సి.ఎ. వారు 45 చుట్ల రికార్డును విడుదల చేయగా, ఇంట 78 చుట్ల పెట్టె మాత్రమే గలవారికి ఆ రెండును దక్కలేదు. తరువాత మూడు వేగములును గల యంత్రములు వచ్చి ఆ తగవు సద్దుమణిగెను. గాడి కంటికి కనబడునది గనుక తగవు తీర్చుట సాధ్యమయ్యెను. పాట అంకెలుగా మారిన పిమ్మట పుట్టిన తగవు అంత తేలికగా తీరలేదు.

1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కులో ధ్వనిని సెకండునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాయుదురు. ఎడమ, కుడి ధ్వనులు రెండును కలిసి సెకండునకు 14 లక్షల పదకొండు వేల బిట్లు దాటును. నాటి టెలిఫోను తీగెలు ఇంత భారమును మోయజాలవు. ఈ భారమును తగ్గించుటకు శాస్త్రజ్ఞులు మానవుని చెవి బలహీనతను ఆశ్రయించిరి. డోలు గట్టిగా మ్రోగిన క్షణమున ప్రక్కనున్న సన్నని నాదము చెవికి అందదు. అందని దానిని అంత సూక్ష్మముగా వ్రాసిపెట్టుట ఏల? జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు ఈ ఆలోచనకు రూపమిచ్చినవారిలో ముఖ్యులు. 1988లో లియొనార్డో కియారిల్యోనె అను ఇటలీ ఇంజనీరు పూనికతో ఏర్పడిన ‘ఎంపెగ్’ సంఘము ధ్వనికి మూడు అంచెల ప్రమాణమును సిద్ధపరచగా, అది 1993లో ప్రచురితమయ్యెను. అందు మూడవ అంచెకే 1995 జూలై 14న ఎర్లాంగెన్ వారు ‘ఎం.పి.3’ అను పొట్టి పేరు నిర్ణయించుకొనిరి. సెకండునకు 1,28,000 బిట్ల చొప్పున వ్రాసినచో పాట పదునొకండవ వంతునకు కుదించుకొనిపోవును.

ఈ ప్రమాణమున ఒక గొప్ప విశేషము కలదు. పాటను ఎట్లు కుదించవలెనో అది శాసింపదు. కుదించిన పాటను పాడు యంత్రము దేనిని గ్రహింపగలిగి యుండవలెనో అంతవరకే శాసించును. వంట ఎవరి నేర్పు వారిది, వడ్డన మాత్రము ఒక్క తీరు. అందువలననే నేటి మేలైన సాధనముతో కుదించిన పాట కూడ, 1998లో వచ్చిన తొలి జేబు యంత్రములు ఎరిగిన పద్ధతిలోనే యున్నది.

ఐనను ఈ పద్ధతిపై పేటెంటు హక్కులుండెను. వాడువారు రుసుము చెల్లింపవలసి యుండెను. సొంత పద్ధతియే సొంత అంగడికి కోటగోడ యని తలచిన సంస్థలును లేకపోలేదు. సోనీ వారు 1992లో మినీడిస్కుతో ‘అట్రాక్’ను, మైక్రోసాఫ్ట్ వారు 1999లో ‘డబ్ల్యు.ఎం.ఎ.’ను తెచ్చిరి. రుసుమే లేని ‘ఓగ్ వోర్బిస్’ 2002లో పూర్తియైనను దానిని పాడు యంత్రములు కొన్నియే. సంగీతమును చేతబట్టి నడచుట లోకమునకు నేర్పిన వాక్‌మన్ సంస్థయే, 2004 వరకు తన అంకెల వాక్‌మన్లలో ఎం.పి.3ను నేరుగా పాడనీయక, అట్రాక్‌లోనికి మార్చుకొనుమనెను. ఒకమారు కుదించిన పాటను వేరొక పద్ధతిలో మరల కుదించినచో, కాచిన పాలను మరల మరల కాచినట్లు, ప్రతిమారును కొంత పోవును. ఆ లోపల 2001లో వచ్చిన ఐపాడ్ బజారును ఆక్రమించుకొనెను.

పద్ధతులకంటె చెడ్డవి తాళములు. 2003లో ఆపిల్ వారు తెరచిన పాటల అంగడిలో కొన్న పాట ఐపాడ్ తప్ప ఇతర జేబు యంత్రములపై పలుకదు. 2004లో మైక్రోసాఫ్ట్ వారు ‘ప్లేస్ ఫర్ ష్యూర్’, అనగా తప్పక పాడును అను ముద్రతో తమ తాళమును అనేక సంస్థలకు ఇచ్చిరి. 2006లో వారే తయారుచేసిన ‘జూన్’ యంత్రము ఆ ముద్రగల పాటలను పాడలేదు! 2008లో తమ పాత అంగడి తాళపుచెవులను జారీచేయు కంప్యూటర్లను ఆపివేయుదుమని వారు ప్రకటింపగా, సొమ్ము చెల్లించి కొన్నవారు గగ్గోలు పెట్టిరి. గడువును పొడిగింపక తప్పలేదు. దొంగసొత్తుగా తెచ్చుకొన్న ఎం.పి.3 అన్నిట పాడుచుండగా, న్యాయముగా కొన్న పాట మూగవోవుట ఎంతటి విపరీతము! 2009లో ఆపిల్ వారు పాటలకు తాళము తీసివేసిరి.

మన దేశమున ఈ పద్ధతి ఇంటింటికి చేరినది ఎక్కువగా పళ్లెములమీదనే. ఎనుబది నిమిషముల పాటలు పట్టు 700 మెగాబైట్ల డిస్కులో, కుదించిన పాటలు పండ్రెండు గంటలు పట్టును. బదిలీ వెంట బదిలీగా ఊళ్లు మారు ఉద్యోగుల కుటుంబములకు నూటయేబది తెలుగు పాటలు ఒక్క పళ్లెమున ఇముడుట చిన్న సదుపాయము కాదు. కాని పాత సి.డి. యంత్రము దానిని గుర్తింపదు. పాటలున్న చిన్న యు.ఎస్.బి. ముక్కను కారులో పెట్టినను, దానిలోని అమరిక ఆ యంత్రము ఎరిగినది కానిచో పాట వినబడదు.

తెలుగువారికి ప్రత్యేకముగా కలిగిన ఇబ్బంది మరియొకటి. పాట పేరును ఫైలు చివర వ్రాయుటకు 1996లో ఏర్పరచిన ‘ఐ.డి.3’ పట్టికలో పేరునకు 30 బైట్ల చోటు మాత్రమే కలదు. అదియు రోమను అక్షరములను దృష్టిలో నుంచుకొని చేసినది. యూనికోడ్ లిపులను యు.టి.ఎఫ్.8 పద్ధతిలో వ్రాసినచో ‘శ్రీ’ అను ఒక్క అక్షరమునకే 12 బైట్లు కావలెను. తరువాతి పట్టికలు యూనికోడ్‌ను అంగీకరించినను, చౌక యంత్రములలో తెలుగు అచ్చులు లేనందున పేరునకు బదులు గళ్లు కనబడెను. కనుకనే మన పాటల పేర్లు నేటికిని పెక్కు చోట్ల రోమను లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమమున వారు వ్రాసినట్లు కనబడుచున్నవి. ఒకే పాట మూడు పేర్లతో మూడు చోట్ల దొరకుట ఇందువలననే.

2017 ఏప్రిల్ 23న ఎం.పి.3 హక్కుల రుసుము వసూలు ముగిసెను. అది ఆ పద్ధతికి మరణమని కొన్ని పత్రికలు వ్రాసినవి. నిజమునకు అది విముక్తి. పేటెంటు భయమున దానిని దూరముగా నుంచిన ఉచిత కంప్యూటరు వ్యవస్థలు తలుపులు తెరచినవి. తీగె లేని చెవిసాధనముల కాలమున తగవు మరియొక చోటికి చేరినది. బ్లూటూత్ తొలి విధానమున సంగీతమును పంపు పరికరములన్నియు ‘ఎస్.బి.సి.’ అను పద్ధతిని విధిగా ఎరిగియుండవలెను. ఫోను ఎం.పి.3 పాటను మొదట విప్పి, చెవిసాధనము ఎరిగిన పద్ధతిలోనికి మరల కుదించి పంపుచున్నది.