శౌర్యమును కడపటి నూరు గజములును



యుద్ధకథ చెప్పునపుడు మన కథకులు రెండు ఘట్టములను ఘనముగా వర్ణింతురు. వీరుడు తిలకము దిద్దుకొని ఇల్లు వెడలుట మొదటిది. శత్రువుతో కత్తి కలుపుట రెండవది. ఈ రెంటి నడుమ ఒక చిన్న ఎడము కలదు. శత్రువు కంటబడిన చోటు మొదలుకొని అతనిపై చేయి పడు చోటి వరకు గల నేల అది. ఒక్కొక్కప్పుడు ఆ నేల నూరు గజములకు మించదు. కథలో దానికి ఒక్క పాదమైనను దక్కదు. అయినను చరిత్రలో పెక్కు చిన్న దండులు గెలిచినదియు, నేలకూలినదియు అచ్చటనే. నేటి ప్రసంగము ఆ నూరు గజములను గూర్చినది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వారికి ఈ విషయము బొత్తిగా క్రొత్తది కానేరదు. మీ పల్లెలలో పలుచోట్ల పాత బురుజులు నేటికిని కలవు. కొన్ని నిలిచి యున్నవి, కొన్ని కూలి దిబ్బలైనవి. దోపిడి ముఠాలు సంచరించు రోజులలో ఊరివారికి అవియే కన్నును కవచమును. బురుజును గుండ్రముగా కట్టుటలో ఒక యుక్తి యున్నది. మూలలున్న గోడ చాటున శత్రువు నక్కియుండవచ్చును, గుండ్రని గోడకు అట్టి చాటు తక్కువ. ఎక్కు త్రోవను ఇరుకుగా పెట్టుట యెందుకనగా, వచ్చువారు ఒక్కొక్కరుగా రావలెను గాని గుంపుగా రాకూడదు. పైగోడలోని సన్నని రంధ్రముల నుండి లోనివాని కన్నును తుపాకి గొట్టమును మాత్రమే వెలుపలికి వచ్చును. చుట్టును నేల తెరపిగా నున్నచో బురుజునకు బలము హెచ్చు. ఆ తెరపి నేలయే మనము చెప్పుకొనుచున్న నూరు గజములు. మన తాతలు పుస్తకములు చదువకయే ఈ శాస్త్రమును రాతితోను మట్టితోను వ్రాసి యుంచిరి.

ఇందులో ఒక చిన్న లెక్క కలదు. పాతకాలపు నున్నని గొట్టపు తుపాకికి నూరు గజములు దాటిన పిమ్మట గురి నిలువదు. తరిఫీదు పొందిన సిపాయి నిమిషమునకు రెండు మూడు మారులు కాల్చగలడు. వత్తితో మందు అంటించు తుపాకి కలవానికి నిమిషమునకు ఒక్క మారే గగనము. ఆయుధము మోయుచు నూరు గజములు పరుగిడుటకు అరనిమిషము చాలును. కావున తుపాకులు మాత్రమే ఎదుట నున్నచో, వారు ఒకటి రెండు మారులు కాల్చులోపల ధైర్యవంతులు మీదబడవచ్చును. కొందరు కూలుదురు, తక్కినవారు చేరుదురు.

ఫిరంగి యున్నచో ఈ లెక్క తారుమారగును. దగ్గరి శత్రువునకు ఫిరంగివారు పెద్ద గుండు వాడరు. రేకుడబ్బాలో చిన్న గుండ్లు నింపి కాల్చుదురు. గొట్టము దాటగానే డబ్బా పగిలి, రైతు విత్తనము వెదజల్లినట్లు గుండ్లు విరజిమ్ముకొనును. రెండు మూడు వందల గజముల మేర గుంపుగా వచ్చువారికి ఇది మృత్యువు. ఇచ్చట ఒకని ధైర్యము వాని ప్రక్కవానిని కాపాడలేదు. ఎందరు ఎక్కువగా వచ్చిన, అందరు ఎక్కువగా కూలుదురు.

ఈ ఫిరంగి లెక్కకు బలియైన ఒక దండు నాయకుని కథ మీ బాటమీదనే ముగిసినది. హైదరాబాదు నుండి మేడ్చల్, తూప్రాను, రామాయంపేటల మీదుగా కామారెడ్డికి వచ్చు బాటను మీరెరుగుదురు. ఆ తూప్రాను చెంత 1859 జనవరి 24వ తేదీన తుర్రెబాజ్ ఖాన్ అను రోహిలా నాయకుడు చంపబడెను. అతడు చేసిన దాడిని తెలిసికొనవలెనన్న మనము ఏడాదిన్నర వెనుకకు, హైదరాబాదు నగరమునకు పోవలెను.

1857లో ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు చెలరేగినది. మే నెలలో నిజాము నాసిరుద్దౌలా కాలధర్మము నొందగా అఫ్జలుద్దౌలా గద్దె నెక్కెను. సాలార్ జంగ్ దివానుగా నుండెను. జూన్ నెలలో ఔరంగాబాదు నందలి అశ్విక దళమున కలవరము పుట్టినది. అచ్చటి నుండి పారిపోయి వచ్చిన జమాదారు చీదాఖానును, అతని అనుచరులను దివాను పట్టించి బ్రిటిషు రెసిడెంటునకు ఒప్పగించెను. వారిని విడిపింపవలెనని నగరమున ఆందోళన రేగెను. జులై 17వ తేదీ, శుక్రవారము నాడు మక్కా మసీదున జనము కూడిరి. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ అను ఇరువురి నాయకత్వమున సుమారు 500 మంది రోహిలాలు కోటీ లోని రెసిడెన్సీపైకి నడచిరి.

ఈ రెసిడెన్సీ మూసీనదికి ఉత్తరపు దిక్కున, చుట్టును గోడగల విశాలమైన తోట నడుమ నుండెను. అచ్చటి రెసిడెంటు డేవిడ్సన్. అతని వద్ద మద్రాసు సైన్యమునకు చెందిన గుర్రపు ఫిరంగి దళము కలదు. దాడి రానున్నదని దివాను అతనికి ముందుగానే కబురంపెను. వచ్చువారు గోడను చేరకమునుపే ఫిరంగులు సిద్ధమైనవి.

వచ్చినవారు తెలివిమాలిన పని చేయలేదు. రెసిడెన్సీ గోడకు ఎదురుగా అబ్బన్ సాహెబు ఇల్లును, జైగోపాల్‌దాసు ఇల్లును ఉండెను. వారు మొట్టమొదట ఆ రెండిండ్లను పట్టుకొని, అచ్చటి నుండి కాల్పులు సాగించిరి. తెరపి నేలలో నిలువక చాటు వెదకుట, ఆ చాటు శత్రువునకు వీలైనంత దగ్గరగా నుండునట్లు చూచుకొనుట దండుపనిలో మొదటి మెట్టు. ఆ మెట్టు వారు చక్కగా ఎక్కిరి. పుత్లీబౌలీ వైపున తోట తలుపు నొకదానిని పగులగొట్టిరి కూడ. రెండవ మెట్టు మాత్రము దక్కలేదు. ఇంటి మిద్దెపై నుండి కాల్చు తుపాకి, తోటలోని ఫిరంగి నోరు మూయించలేదు. ఫిరంగి మూగపోనంతవరకు తలుపునకును భవనమునకును నడుమ నున్న నేల దాటరానిది. రాత్రియంతయు కాల్పులు నడచినవి. తెల్లవారుజామున నాలుగు గంటల వేళకు దాడివారు ఆ యిండ్లను వదలి వెడలిపోయిరి.

ఈ వెడలిపోవుటను చూచి, వారు అల్లరిమూకయనియు, వెలుగు రాకమునుపే పలాయనము చిత్తగించిరనియు తేలికగా చెప్పువారు కలరు. పెద్దలు దీనిని నిదానముగా తూచవలెను. తెల్లవారినచో ఆ రెండిండ్లును ఫిరంగులకు పట్టపగటి గురులగును. చాటు పోయిన చోట నిలుచుట చావును కోరుటయే. ఫిరంగులకు ఎదురుగా ఒక రాత్రియంతయు నిలిచినవారిని పిరికివారనుట న్యాయము కాదు. వారికి లోపించినవి మూడు. కబురు ముందే పోవుటచేత అదను చిక్కలేదు. ఫిరంగిని అణచు సాధనము లేదు. ఎదుటివాడు గోడ లోపల, తాము వెలుపల నుండుటచేత నేల వారి పక్షమున లేదు. ఈ మూడును లేనిచోట శౌర్యము ఎంతయున్నను తోట దాటదు.

తుర్రెబాజ్ ఖాన్ కొలది దినములలోనే పట్టుబడి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష నొందెను. ఆ శిక్ష అమలు కాకమునుపే, 1859 జనవరిలో చెరసాల నుండి తప్పించుకొనెను. అతని తలకు 5,000 రూపాయల వెల కట్టబడెను. కొలది దినములకే తూప్రాను దాపున అతడు చంపబడెను. అతని శవమును నగరమునకు తెచ్చి, జనము చూచునట్లు వ్రేలాడదీసిరి. మౌల్వీ అల్లాఉద్దీన్ అండమానుకు పంపబడి అచ్చటనే కన్ను మూసెను. ఇప్పటి కామారెడ్డి జిల్లా లోని కౌలాసు సంస్థానాధిపతి దీప్‌సింగ్ కూడ ఆ సంవత్సరముల తిరుగుబాటు యత్నమునకు తోడ్పడెనని నేరము మోపబడి ఖైదు పాలయ్యెను. రెసిడెన్సీ చుట్టు గోడలు దాడి పిమ్మట మరింత పటిష్ఠము చేయబడినవి. ఆ రాత్రి ఎంత కలవరము పుట్టించినదో ఆ గోడలే చెప్పినవి.

ఇప్పుడు ఈ కథ ప్రక్కన మరియొక తెలుగు నేల కథను నిలిపి చూతము. అరువదియైదేండ్ల పిమ్మట, గోదావరికి ఉత్తరముగా విశాఖ మన్యమున, అల్లూరి సీతారామరాజు కొలదిమంది గిరిజనులతో ప్రభుత్వము నెదిరించెను. గాము గంటందొర, గాము మల్లుదొర మొదలగువారు అతని తోడివారు. వారి వద్ద మొదట చాలినన్ని తుపాకులు లేవు. 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా ముట్టడించి, 26 తుపాకులను చేజిక్కించుకొనిరి. మూడు దినములలో మూడు ఠాణాలు! మొదటి ఠాణా కబురు అందరికి అందకమునుపే మూడవది వారి వశమయ్యెను. రెసిడెన్సీ వద్ద దొరకని అదను వీరికిక్కడ దొరకినది.

నెల తిరుగగా, సెప్టెంబరు 24న, దామనపల్లి కనుమలో వారు పొంచి యుండిరి. కనుమ బాట ఇరుకు, ఇరుప్రక్కల చెట్లు. వారిని వెదకుచు పోలీసు దళము ఆ బాటను వచ్చెను. ముందు నడచినవారు భారతీయులు. వారిని సీతారామరాజు మనుష్యులు చప్పుడు చేయక పోనిచ్చిరి. వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇరువురు ఆంగ్ల అధికారులు దగ్గర కాగానే కాల్చిరి. ఇరువురును అచ్చటనే మరణించిరి.

ఈ ఘట్టమున పరుగు లేదు, కేక లేదు, కత్తి ఝళిపింపు లేదు. నూరు గజములను దాటవలసిన పని శత్రువుమీదనే పడినది. నడచి వచ్చి ఎడము తగ్గించినవాడు అతడే. అంతకంటెను గమనింపదగినది మరియొకటి కలదు. ముందు దళము కాళ్లచెంత నుండి పోవుచుండగా ఒక్కడు తొందరపడి కాల్చి యుండినచో, పన్నిన పన్నుగడ యంతయు వ్యర్థమగును. వ్రేలు మీటపై నుంచి, ఊపిరి బిగబట్టి, హుకుము వచ్చువరకు ఆగుట పరుగిడుటకంటె కష్టతరమైన ధైర్యము. అడవిపంది వేటలో కాపు కాచిన వారికి ఈ సంగతి తెలియును. డప్పు కొట్టి తోలువాడు ఎంత ముఖ్యుడో, దారిలో మాట్లాడక కూర్చున్నవాడు అంతకంటె ముఖ్యుడు.

అయినను ఒక యుక్తి ఎల్లకాలము పనిచేయదు. ఎదుటివాడును నేర్చుకొనును. మలబారు ప్రత్యేక పోలీసులు మన్యమునకు రప్పింపబడిరి. నిమిషమునకు కొన్ని వందల గుండ్లు కాల్చు లూయీ తుపాకులు వచ్చినవి. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము వద్ద జరిగిన పోరులో సీతారామరాజు పక్షమున పలువురు కూలిరి. 1924లో అస్సాము రైఫిల్సు దళము వచ్చెను. ఆ సంవత్సరము మే 7వ తేదీన సీతారామరాజు పట్టుబడి, కొయ్యూరు వద్ద కాల్చి చంపబడెను. దామనపల్లిలో చూపిన శౌర్యము పెద్దగడ్డపాలెమున తరిగిపోలేదు. మారినది నేలయు, ఎదుటి ఆయుధమును, శత్రువు జాగ్రత్తయును.

ఇది మన దేశపు చిన్న దండులకే కలిగిన కష్టము కాదు. 1916 జులై 1న ఫ్రాన్సు దేశమున సోమ్ నది చెంత, బ్రిటిషు సైన్యము తెరపి నేలమీదుగా జర్మనుల కందకములపైకి నడచినది. ఆ యొక్క దినముననే 57,000 మందికి పైగా గాయపడుటయో, చనిపోవుటయో, కనబడకపోవుటయో జరిగెను. అందు 19,000 మందికి పైగా మృతులు. అంతటి నష్టము పిమ్మట సైన్యములన్నియు ఒక పాఠము నేర్చినవి. పెద్ద వరుసలుగా నడువరాదు. చిన్న చిన్న జట్లుగా విడిపోవలెను. ఒక జట్టు కాల్చుచు శత్రువు తల ఎత్తకుండ చేయవలెను, ఆ వేళ మరియొక జట్టు గుంతనుండి గుంతకు, గట్టునుండి గట్టుకు పాకవలెను. పిదప వారు కాల్చగా వీరు కదలవలెను. నేటికిని చిన్న దళముల శిక్షణలో ఇది మొదటి పాఠములలో నొకటి. రెసిడెన్సీ దాడి నాడు జైగోపాల్‌దాసు ఇంటినుండి కాల్చినవారు ఈ పాఠములో సగము నెరవేర్చిరి. తక్కిన సగము ఫిరంగి యెదుట సాగలేదు.

అయ్యా, ఈ లెక్కలతో పల్లె పెద్దలకు పని యేమి యని యడుగవచ్చును. పని కలదు. పిల్లలకు చరిత్ర చెప్పువారు మీరు. శౌర్యమొక్కటియే జయించునని మనము చెప్పినచో, ఓడినవానికి శౌర్యము లేదని పిల్లవాడు తనంతట తానే అర్థము చేసికొనును. ఆ మాట మనము నోట పలుకకున్నను వాని మనసున నాటుకొనును. 1857 జులై 17 రాత్రి నడచిన సుమారు 500 మందిలో జనము నోట నిలిచినవి రెండు పేర్లు. తక్కినవారికి సమాధి తెలియదు, పద్యము లేదు. వారికి మనము చేయగల న్యాయమొక్కటియే. వారు ఏ నేలను దాటవలసి యుండెనో, ఎదుట ఏమి యుండెనో, ఉన్నదున్నట్లు చెప్పుట.

ఆ రెసిడెన్సీ భవనము 1949 తరువాత మహిళా కళాశాలకు నెలవయ్యెను. ఫిరంగులు నిలిచిన తోటలో ఆడుబిడ్డలు పుస్తకములు పట్టుకొని తిరిగిరి. కోటీలో తుర్రెబాజ్ ఖాన్ పేరిట ఒక రహదారియు, స్మారకచిహ్నమును కలవు. నగరమునకు పోయినపుడు మనుమలను అచ్చటికి తోడ్కొని పొండు. స్మారకము వద్ద నిలిచి, భవనము వైపు చూపి, నడుమనున్న నేలను కన్నులతో కొలువుమనుడు. పిదప మీ ఊరి బురుజు చెంతకు తీసికొనిపోయి ఆ కొలతయే మరల వేయింపుడు. గెలిచినవాడు ఎట్లు గెలిచెనో, ఓడినవాడు ఎందుకు ఓడెనో ఆ పిల్లవానికి మీరు వేరుగ చెప్పవలసిన పని యుండదు.