తూర్పు గోడ మీది కాగితం

మన కోడంబాక్కం తెలుగు ఇళ్ళలో పండుగకు రంగు కాగితాలు కత్తిరించి తోరణాలు కడతాం, పండుగ కాగానే తీసేస్తాం. పోలెండు, ఉక్రెయిన్ ప్రాంతాల యూదులు మాత్రం 18, 19 శతాబ్దాలలో అలాంటి కాగితాన్ని ఏడాది పొడుగునా తూర్పు గోడకు ఉంచేవారు. దాని పేరు ‘మిజ్రాహ్’, అంటే తూర్పు. ప్రార్థనవేళ యెరూషలేము ఏ దిక్కున ఉందో చూపే గుర్తు అది.

కాగితాన్ని నిలువుగా మడిచి చాకుతో చెక్కేవారు. విప్పితే ఇరువైపులా సింహాలు, నడుమ ఏడు కొమ్మల దీపస్తంభం! సింహం యూదా గోత్రానికి, దీపం యెరూషలేము ఆలయానికి సంకేతాలు. ఆ రాతి ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చారు. దాని జ్ఞాపకాన్ని కాగితం మోసింది.

1939-45 నాటి నాజీ మారణకాండలో ఆ ఇళ్ళతోపాటు కాగితాలూ చాలావరకు నశించాయి. మిగిలిన కొద్దివి మ్యూజియములలో ఉన్నాయి. వాటిని చూసి నేర్చుకుని, మళ్ళీ చెక్కుతున్నవారూ ఉన్నారు.