బడి పన్ను, సర్కారు వాటా: సెమిలిగుడ దారిలో ఒక పాత లెక్క

సాలూరు దాటి ఘాటీ ఎక్కిన రోడ్డు సుంకి, పొట్టంగిల మీదుగా సెమిలిగుడ చేరుతుంది. సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై దేశియాలోకి మళ్లి ఒడియాలో తెగడం అక్కడ రోజూ వినవచ్చు. పక్కనున్న సునాబేడలో 1960లలో విమాన ఇంజన్ల కర్మాగారం వెలిసింది. దాని వెంట వచ్చిన కుటుంబాలు కొన్నయితే, అంతకు ఎన్నో తరాల ముందే కొండెక్కిన కుటుంబాలు కొన్ని. ఇంతమంది ఉన్నా తెలుగు చదువు ఎందుకు నిలదొక్కుకోలేదని ఈ ప్రాంతపు విద్యార్థులు మమ్మల్ని తరచు అడుగుతారు. భాషాభిమానం తగ్గిందనేది అందరూ చెప్పే జవాబు. మాకు అది చాలదనిపిస్తుంది. బడి చరిత్రలో సగం జమాఖర్చుల చరిత్రే. దాన్ని గోదావరి గట్టు నుంచి మొదలుపెట్టాలి.

1850లలో రాజమండ్రి జిల్లా సబ్ కలెక్టరు జి. ఎన్. టేలర్ నరసాపురం ప్రాంతంలో బడులు పెట్టించాడు. వాటి ఖర్చుకు రైతులు శిస్తుతో పాటు కొంత అదనంగా చెల్లించడానికి ఒప్పుకున్నారు. వీటికే రేటు బడులని పేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలువ నీళ్లు పారుతున్నాయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. ఆ సమయం చూసి అడిగిన పన్ను అది. అయితే రైతు నిజంగా మనసొప్పి ఇచ్చాడా, దొర అడిగాడని తల ఊపాడా అనే అనుమానం అప్పుడే వచ్చింది. ఈ వసూలుకు చట్టబలం ఇవ్వడానికి మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం చేసింది. ఊరివాళ్లు తమ మీద తామే పన్ను వేసుకుని బడి నడుపుకోవచ్చని దాని సారం. గోదావరి వదిలితే దాన్ని వాడుకున్న ఊళ్లు తక్కువ. తమ మీద తామే పన్ను వేసుకోమంటే ఎవరు ముందుకొస్తారు?

1871 నాటి లోకల్ ఫండ్స్ చట్టంతో ఆ ఇష్టాయిష్టాల ప్రసక్తి పోయింది. భూమి మీద సెస్సు వచ్చింది. అందులో పెద్ద వాటా రోడ్లకు పోగా మిగిలినదాంట్లో బడి తన వంతు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ కాలంలోనే ఫలితాలను బట్టి గ్రాంటు అనే పద్ధతి నడిచేది. ఇనస్పెక్టరు వచ్చి పరీక్ష పెడితే, ఎంతమంది పిల్లలు ఏయే విషయాల్లో గట్టెక్కారో దాన్నిబట్టి పంతులుకు డబ్బు. ఇలాంటి పద్ధతిలో పంతులు చూపు చదువు మీద కంటే ఇనస్పెక్టరు వచ్చే రోజు మీద ఉంటే తప్పు పట్టలేము.

అసలు మలుపు 1920లో వచ్చింది. ఆ ఏటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలకు విద్యా పన్ను వేసే అధికారం ఇచ్చింది. సంస్థ ఎంత వసూలు చేస్తే ప్రభుత్వం అంతకు తగ్గకుండా తన వాటా కలపాలి. ఇక్కడ స్థానిక బోర్డు ముందున్న లెక్క తేలికే. రూపాయి పన్ను వేస్తే బడికి రెండు రూపాయలు. వేయకపోతే ప్రజలు తిట్టరు, కానీ సర్కారు రూపాయి కూడా రాదు. డబ్బున్న డెల్టాకు ఇది వరం. ఇలాంటి జత వాటా ఉన్నవాడికే మరింత ఇస్తుంది, ఈ సంగతి చట్టం రాసినవాళ్లకు తెలియదని మేము అనుకోము.

మరి కొండమీద? నేటి కొరాపుట్, రాయగడ అప్పుడు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. 1839 చట్టం నుంచి అక్కడ మైదానపు చట్టాలన్నీ వర్తించేవి కావు, కలెక్టరే ఏజెంటు. పన్ను పునాదే పలచనైన చోట జతగా అడగడానికి ఏముంటుంది? అక్కడి బడి జయపురం సంస్థానం దయ మీదో, ప్రభుత్వం నేరుగా ఇచ్చేదాని మీదో, ఒక మనిషి పట్టుదల మీదో ఆధారపడాలి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరలకు సొంత డబ్బుతో బడులు నడిపాడు. సవర పుస్తకాలకు 1911లో ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, అది నాకొద్దు, ఆ డబ్బుతో బడి పెట్టండి, నేను నడుపుతాను అన్నాడని చెబుతారు. వ్యావహారిక భాషా వాదిగానే ఆయన్ని ఎరిగినవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తనకు రావలసిన సొమ్మును బడి పద్దులోకి మళ్లించడం ఆయన వేసిన ఎత్తు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కొరాపుట్ అందులో కలిసింది. నిన్నటి దాకా జిల్లా కచేరీ భాషగా ఉన్న తెలుగు ఇక్కడ మైనారిటీ భాష అయింది. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక నిబంధన పెట్టింది: బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది మాతృభాషలో చదవదలచినవాళ్లుంటే ఒక ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం దీనికి వెన్నుదన్ను. అప్పటి నుంచి తెలుగు బడి లెక్క పన్ను నుంచి తలల మీదికి మారింది. ఒక ఊళ్లో తొమ్మిది పేర్లున్న తరగతి కోసం పెద్దలు పక్క ఊరి మేనమామ ఇంటి పిల్లను తెచ్చి చేర్పించడం మేము చూశాము. అది మోసమా? పదోపిల్ల నిజంగానే వచ్చి కూర్చుంది, చదివింది. మరుసటేడు ఒక కుటుంబం బదిలీ మీద వెళ్లిపోతే మళ్లీ తొమ్మిదే.

ఈ జత వాటా సూత్రం ఇప్పుడు ఇంకో అంతస్తులో బతికే ఉంది. సమగ్ర శిక్షలో కేంద్రం 60, ఒడిశా 40. అంతకు ముందు సర్వ శిక్షా అభియాన్‌లో రాష్ట్రాలు తమ 1999-2000 నాటి ఖర్చును తగ్గించుకోకూడదనే షరతు కూడా ఉండేది. వచ్చిన డబ్బు చూసుకుని సొంత డబ్బు వెనక్కి లాక్కుంటారని ఢిల్లీకి తెలుసు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ దృశ్యం సెమిలిగుడ పక్క బ్లాకులోనే ఉంది. పొట్టంగి బ్లాకుకూ సాలూరు మండలానికీ మధ్య ఉన్న కొఠియా గ్రామాలు, 21 ఊళ్లు, తమవంటే తమవని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యంలో 2006లో తీర్పు తేలలేదు, యథాతథ స్థితి మిగిలింది. 2021లో ఆంధ్ర ప్రభుత్వం అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపింది, ఒడిశా అభ్యంతరం చెప్పింది, తన వైపు నుంచి నిధులూ పెంచింది. ఇక్కడ ఊరు పన్ను వేసుకోనక్కర్లేదు, తలలు లెక్కించుకోనక్కర్లేదు. ఇద్దరు సర్కార్లూ తామే బడి కడతామని వస్తారు. కొండెక్కి బడికి వెళ్లే పిల్లవాడు ఏ భాషలో అక్షరాలు దిద్దాలో, ఆ ఏడు ఏ రాష్ట్రం పంతులు ముందుగా వచ్చాడో దాన్నిబట్టి తేలుతుంది.