లూయిస్టన్‌లో లెక్క తప్పిన రాత్రి

హెవీవెయిట్ బాక్సింగ్‌లో మొదటి రౌండు పూర్తికాకుండానే ముగిసిన పోటీలు చాలానే ఉన్నాయి. కాని 1965 మే 25న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, లూయిస్టన్ అనే చిన్న పట్నంలో మహమ్మద్ అలీకి, సోనీ లిస్టన్‌కు జరిగిన పోటీ మోసినంత అపవాదు మరేదీ మోయలేదు. అలీ కొట్టిన దెబ్బ చాలామంది కంటికి కనబడలేదు గనుక దానికి 'దయ్యపు దెబ్బ' అని పేరు పడింది. లిస్టన్ కావాలనే పడిపోయాడన్న మాట నేటికీ వినబడుతూనే ఉంది.

ఆనాటి ఫిల్మును ఇప్పుడు ఎవరైనా నిదానంగా తిప్పి చూడవచ్చు. నియమాలను పక్కన పెట్టుకుని చూస్తే, ఇందులో రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయని తెలుస్తుంది. దెబ్బ నిజంగా తగిలిందా అన్నది మొదటిది. తగిలితే, దాన్ని నాకౌట్‌గా ప్రకటించడం సక్రమమేనా అన్నది రెండవది. ఫైళ్ళతో జీవితం గడిపిన మనవంటివారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. పని జరగడం వేరు, ఆర్డరు సరిగా వెలువడడం వేరు.

ముందు కొంత పూర్వరంగం. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో, అప్పటికింకా కాసియస్ క్లే పేరుతోనే ఉన్న అలీతో ఆడుతూ లిస్టన్ ఆరు రౌండ్ల తరువాత భుజం నొప్పి అని స్టూలు మీదనుండి లేవలేదు. అనుమానానికి విత్తు అక్కడే పడింది. రెండవ పోటీ అదే ఏడు నవంబరు 16న బోస్టన్‌లో జరగవలసింది. మూడు రోజుల ముందు అలీకి హెర్నియా ఆపరేషన్ కావడంతో వాయిదా పడింది. తరువాత బోస్టన్‌లో అడ్డంకులు రాగా, చివరకు లూయిస్టన్‌లో ఐస్ హాకీ ఆడే హాలుకు మార్చారు. 1965 ఫిబ్రవరిలో మాల్కం ఎక్స్ హత్య జరిగి ఉండడంతో అలీ మీద కూడా కాల్పులు జరుగుతాయని భయం. టిక్కెట్టు కొని వచ్చినవారు 2,434 మంది మాత్రమే. వారిలోనూ పలువురు కుర్చీల్లో సర్దుకునేలోపే అంతా అయిపోయింది.

ఇక దెబ్బ సంగతి. లిస్టన్ ముందుకు తూలి ఎడమ చేత్తో జాబ్ విసిరాడు. అప్పుడు అతని బరువంతా ముందున్న ఎడమ కాలిమీద ఉంది. అలీ వెనక్కు వంగి దాన్ని తప్పించుకుని, ఆ చేతి మీదుగా కుడి పిడికిలి కిందికి దింపాడు. లిస్టన్ తల అదిరింది, నేలకు ఆనిన ఆ ఎడమ కాలు పైకి లేచింది. నటించేవాడు మోకాళ్ళు మడిచి కూలుతాడు గాని, తన బరువు మోస్తున్న కాలును అలా గాలిలోకి లేపలేడు. కనుక దెబ్బ నిజమేనని నా అభిప్రాయం.

రెండవ ప్రశ్న దగ్గరే అసలు కథ ఉంది. ఎదుటివాణ్ణి పడగొట్టినవాడు వెంటనే దూరంగా ఉన్న ఖాళీ మూలకు పోవాలి. పోకపోతే రిఫరీ లెక్క ఆపవచ్చు. 1927లో షికాగోలో డెంప్సీ మూలకు పోక ఆలస్యం చేసినందుకు రిఫరీ డేవ్ బారీ లెక్క ఆపాడు, పడిన టన్నీకి దాదాపు 14 సెకన్లు దొరికాయి, టన్నీ లేచి పోటీ గెలిచాడు. లూయిస్టన్‌లో అలీ మూలకు పోలేదు. లిస్టన్ మీద నిలబడి, లేచి పోట్లాడమని అరిచాడు. నీల్ లీఫర్ తీసిన జగత్ప్రసిద్ధమైన ఫోటో ఆ క్షణానిదే. దాన్ని దెబ్బ కొట్టిన క్షణమనుకునేవారు ఎందరో! లిస్టన్ ఒక మోకాలి మీదికి లేచి మళ్ళీ ఒరిగాడు. పైన అటువంటివాడు కాచుకుని ఉంటే ఎవరు లేస్తారు?

రిఫరీ జెర్సీ జో వాల్కాట్ అలీని తోసే పనిలో పడి లెక్క అందుకోలేదు. టైమ్‌కీపరు మెక్‌డొనోకు మైకు లేదు, ఆ గోలలో అతని గొంతు వాల్కాట్‌కు వినబడలేదు. ఈలోగా లిస్టన్ లేచాడు, వాల్కాట్ అతని గ్లవ్స్ తుడిచాడు, పోటీ మళ్ళీ మొదలైంది. అప్పుడు టైమ్‌కీపరు, అతని పక్కనున్న 'రింగ్' పత్రిక సంపాదకుడు నాట్ ఫ్లైషర్ చేతులూపుతూ, పది దాటిపోయిందని వాల్కాట్‌కు చెప్పారు. ఫ్లైషర్‌కు ఆ పోటీలో ఏ అధికారమూ లేదు. అయినా వాల్కాట్ పరుగున వచ్చి పోటీ ఆపేశాడు. ఇదే వాల్కాట్ 1953లో మార్సియానో చేతిలో మొదటి రౌండులోనే నాకౌటయ్యాడు, అప్పుడూ లెక్క మీద తగాదా వచ్చింది! లెక్క విలువ తెలియనివాడు కాడు.

నేను చెప్పేది ఇదే. లిస్టన్ పడ్డాడు, లేచాడు, ఆడుతున్నాడు. నియమం ప్రకారం మొదలే కావలసిన రీతిలో మొదలుకాని లెక్కతో అతణ్ణి ఓడించారు. పోటీ కొనసాగి ఉంటే అలీయే గెలిచేవాడేమో, అది వేరే మాట. అధికారుల గందరగోళాన్నంతా ప్రపంచం లిస్టన్ ఖాతాలో రాసింది.

అలా రాయడం సులువైంది కూడా. ఆర్కాన్సా కౌలుకూలీ ఇంట పుట్టినవాడు, చదువు లేదు, దోపిడీ కేసులో జైలుకు పోయి అక్కడే బాక్సింగ్ నేర్చాడు. వెనుక ఉన్నవారు నేరస్థులు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పుపడితే మనమెంత తిరిగామో గుర్తుంది గదా, అతనికి నమ్మదగిన పుట్టిన తేదీయే లేదు. ఇదే లిస్టన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను 1962లో 2 నిమిషాల 6 సెకన్లలో, 1963లో 2 నిమిషాల 10 సెకన్లలో పడగొట్టినప్పుడు ప్యాటర్సన్ అమ్ముడుపోయాడని గోల చేసినవారు లేరు. ప్యాటర్సన్ మర్యాదస్తుడు మరి.

లూయిస్టన్ తరువాత లిస్టన్ 1970 వరకు ఆడాడు, 1969 డిసెంబరులో లియోటిస్ మార్టిన్ చేతిలో తప్ప ఓడలేదు. 1971 జనవరి 5న లాస్ వేగస్‌లో తన ఇంట్లో చనిపోయి కనబడ్డాడు.

ఇంకొక్క మాట. పోటీ ముగియగానే ప్రకటించిన అధికారిక సమయం ఒక్క నిమిషం. ఫిల్ములో లిస్టన్ పడినది 1 నిమిషం 44 సెకన్లకు, పోటీ ఆపినది 2 నిమిషాల 12 సెకన్లకు. ఆ రాత్రి రికార్డు ప్రకారం చూస్తే, లిస్టన్ కింద పడడానికి 44 సెకన్ల ముందే ఓడిపోయాడు.