కరవుసీమలో నొక విశ్వాసి

వేదావతీనదిపై భైరవానితిప్ప జలాశయమున్నను మా గుమ్మఘట్ట ప్రాంతపు రైతు మింటివంకనే చూచుచుండును. అనంతపురము జిల్లాలో నేటికి కురియు సగటువర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను వేరుసెనగకు వలసినవేళ కురియునను నమ్మకము లేదు. ఇట్టి నేలకు 1969లో విన్సెంటు ఫెర్రరు వచ్చెను.

ఆయన 1920లో స్పెయినుదేశపు బార్సిలోనా నగరమున జన్మించెను. ఇరువదియేండ్లైన నిండకమునుపే అంతర్యుద్ధమున సైనికుడై, పరాజితులతోబాటు నిర్బంధశిబిరమును చవిచూచి, 1944లో జెసూటు సన్న్యాసిసంఘమున జేరి, 1952లో బొంబాయికి వచ్చెను. మహారాష్ట్రములోని మన్మాడునం దాయన చేసినది మిక్కిలి సామాన్యమైన పని: తన పొలమున బావి త్రవ్వుకొను బీదరైతునకు గోధుమలును నూనెయు నిచ్చెను. బీదవాని బావిలో నీరు పడుట కొందఱు పెద్దలకు కంటగింపయ్యెను. 1968లో దేశమును విడువవలసినదిగా నాజ్ఞ వచ్చెను. అప్పుడు సుమారు 30,000 మంది రైతులు బొంబాయికి 250 కిలోమీటర్లు నడచిరి. వారు మతగురువుకొఱకు గాక, బావులు త్రవ్వించినవానికొఱకు నడచిరని మా యూహ. ఇందిరాగాంధి ప్రభుత్వ మాయన మరల వచ్చుటకు సమ్మతించెను. ఆ రాకయే అనంతపురమునకు.

1970లో నాయన తన సంఘమును వీడి, ఆంగ్లేయవనితయగు ఆన్ పెర్రీని వివాహమాడెను. ఇచ్చట మే మొకింత నిలువవలసియున్నది. సన్న్యసించి మరల గృహస్థుడైనవానిని మన శాస్త్రములు ఆరూఢపతితుడనును. ఆ చదువు చదివిన మాకును మొదట నీ శంక కలుగకపోలేదు. కాని పతితుడగువాడు సుఖమునకై దిగును; ఈయన దిగినది యెండిన చెఱువులలోనికి, దళితవాడలలోనికి. సంఘమునకిచ్చిన మాట తప్పెను, నిజమే. బీదవానికిచ్చిన మాట మఱి ముప్పదితొమ్మిదేండ్లు చెల్లించెను. ఈ రెంటిలో నేది వ్రతమో చదువరులే యోజింతురుగాక!

ఆ దంపతుల గ్రామీణాభివృద్ధిసంస్థ బావులతో నాగలేదు. బడులు, వైద్యశాలలు, వికలాంగులకు శిక్షణము, ఇండ్లు. ఇండ్లను స్త్రీలపేర వ్రాయించుట మాకన్నింటికంటె నచ్చినది. త్రాగి వచ్చిన మగడు భార్యను వెడలగొట్టుట మనయూళ్లలో వింత గాదు. ఇల్లామెదైనచో నెవడెవనిని వెడలగొట్టును?

ఫెర్రరు 2009 జూను 19న మరణించెను. నేడు కొన్ని యిండ్లలో నాయన పటమునకు పూలదండలు వేసి, దేవతలప్రక్కన దీపము పెట్టుట మేము చూచితిమి. మాకిది రుచింపదు. అయినను ఒకయింట ముసలమ్మతో నీమాట యనబోయి, ఆమె పెరటిబావిలోని నీరు త్రాగి మఱలివచ్చితిమి.